ఏడు నీళ్ల రాయి

జూలై 3, బుధవారం

ఒళ్లంతా రాతి పొడి. రెండుసార్లు తలంటుకున్నా దువ్వెన పళ్లకి అభ్రకం మెరుపు అంటుతూనే ఉంది. వదిన బాత్‌రూమ్ తలుపు బాది, నీళ్లు మోసే చేతులైతే ఇన్ని పోసుకోవు అంది. అననీ. ఈ ఒక్కరోజు ఎవరేమన్నా నా చెవికెక్కదు.

క్వారీలో గ్రానైట్ మధ్య ఒక పెగ్మటైట్ పట్టీ ఉంది. మామూలు గ్రానైట్‌లో గింజంత ఉండే పలుకులు అక్కడ ఇటుకంత పెరుగుతాయి. పాలిష్ పట్టదని వాళ్లు దాన్ని పక్కన గుట్ట పోస్తారు. ఆ గుట్టలో ఒక బండకి లోతైన పగులు, పగులు నిండా వాన నీళ్లు. అడుగున గోళ్లంత రేకులు, ఒకదాన్నొకటి అంటుకుని. లేత గులాబీ రంగు. ముత్యపు మెరుపు. గోరుతో నొక్కితే సన్నటి గీత పడింది. కత్తి మొన తగలగానే పేజీలు విడిపోయినట్టు విడిపోయింది.

ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ప్యాకింగ్ కాగితం అప్పటికే అయిపోయింది. తాగే నీళ్ల బాటిల్లో వేసుకుని, దారంతా నాలుక పిడచగట్టుకుపోతూ వచ్చాను.

జూలై 4, గురువారం

మా ల్యాబ్ పెద్దని ఇందులో నూటపది అనే రాస్తాను. ఏ రాయొచ్చినా ముందు ఓవెన్లోకే. నూటపది డిగ్రీలు, తెల్లవార్లూ. తడి ఉన్న రాయి అబద్ధాలాడుతుందట. ముప్పై ఏళ్లుగా అదే శాస్త్రం, అదే వేదం. ఓవెన్ తలుపు తీసేటప్పుడు చెప్పులు విప్పడు, అదొక్కటే తక్కువ.

సగం రేకులు ల్యాబ్‌కిచ్చాను. ముందు తడిగా ఉండగానే ఒకసారి చూద్దాం సార్ అన్నాను. అమ్మాయ్, ఆరబెట్టాక చూడ్డమే గానీ, చూశాక ఆరబెట్టడం మా ఇంటావంటా లేదన్నాడు. పక్కన ఉన్న సీనియర్ వెంటనే అవున్సార్ అన్నాడు. ఆయన పేరు కూడా ఇక్కడ అదే.

మిగతా సగం బాటిల్లోనే ఉందని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. ఆ గదిలో ఏ మంచి విషయమూ చెప్పబుద్ధి కాదు.

జూలై 5, శుక్రవారం

బ్రౌన్.

ట్రేలో ఎండిన ఉల్లిపొట్టు లాంటిది ఉంది. మెరుపు లేదు. ముట్టుకుంటే రాలుతోంది. ఎక్స్‌రే తీశారు. దొరికింది మెటాస్విట్జరైట్. మాంగనీసు ఫాస్ఫేట్, దాని ఒంట్లో నాలుగు నీటి అణువులు. మన సొరుగుల్లో ఉన్నదేగా, దీనికోసమా రోజంతా జీపు తిప్పావు అన్నాడు నూటపది.

నేను ఫీల్డ్ షీట్లో రంగు: లేత గులాబీ అని రాశాను. ఆయన దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. అందరి ముందూ, అమ్మాయ్ కళ్లడాక్టర్‌కి చూపించుకో, జియాలజిస్టుకి ఉండాల్సినవి రెండే రెండు కళ్లు, నీకవి కూడా లేకపోతే ఎలా అన్నాడు. అవున్సార్ నవ్వాడు. టైపిస్టు కూడా నవ్వింది, పాపం ఎందుకో తెలియకుండా.

నేను నిలబడి నా చెప్పుల వైపు చూశాను. చెప్పులు బ్రౌనే. అది మాత్రం సరిగ్గానే కనిపించింది.

జూలై 6, శనివారం

లైబ్రరీలో దొరికింది. స్విట్జరైట్ అని ఇంకోటుంది. అదే మాంగనీసు, అదే ఫాస్ఫేట్, నీళ్లు మాత్రం ఏడు. పుట్టడం గులాబీగానే పుడుతుంది. తడిలో ఉన్నంతసేపే బతుకు. పొడి గాలి తగిలితే చాలు, మూడు నీళ్లు వదిలేసి నాలుగు నీళ్లదైపోతుంది. తిరిగి నీళ్లలో వేసినా వెనక్కి రాదు. గాలికే పోయేదాన్ని ఈయన రాత్రంతా ఓవెన్లో పెట్టాడు!

పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. నా బుద్ధి తక్కువ. చదివిందంతా విని, గాలికి ఆరిపోయే నీళ్లయితే అది రాయిలో నీళ్లు కాదమ్మా, రాయి మీద నీళ్లు అన్నాడు. అణువుల అమరికలో ఉన్న నీళ్లు సార్ అన్నాను. గొంతు లేచింది. అయితే ఇరవయ్యారున కమిటీ వస్తోందిగా, అక్కడ లేపు గొంతు అన్నాడు.

ఆ కమిటీయే నా కాంట్రాక్టు ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తుంది. నా మీద ఆయన రాయబోయే ముక్క అవున్సార్ చెప్పనే చెప్పాడు, సానుభూతి నటిస్తూ: పరిశీలన నమ్మదగినది కాదు. ఈ పనిలో ఆ ముక్క పడ్డాక ఇంకో ల్యాబ్ గుమ్మం ఎవరూ తొక్కనివ్వరు. చూసింది చూసినట్టు చెప్పడం తప్ప నాకింకేం వచ్చు?

జూలై 8, సోమవారం

జామ్ సీసా కడిగి రేకుల్ని అందులోకి మార్చాను. నిండా నీళ్లు, బిగువుగా మూత, ఫ్రిజ్‌లో వెనక వరస.

వదిన కంటపడింది. ఏంటిది రాళ్లమ్మా, పెళ్లికొడుకా, చలికి వణుకుతున్నాడు పాపం, దుప్పటి కప్పు అంది. వదినకి జెరాక్స్ షాపుంది. అన్న వంతెనల పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు, ఇంట్లో మేమిద్దరమే, ఒకరి మీద ఒకరం నూరుకునే కత్తుల్లా. నా ఉద్యోగం పోతే షాపు కౌంటర్లో కూర్చోబెట్టాలని ఆవిడ ఎప్పట్నించో కాచుకుని ఉంది. రాళ్లకన్నా కాగితాలు నయం, కనీసం ఒకటిస్తే రెండొస్తాయి అంటుంది.

సీసా ట్యూబ్‌లైట్‌కి ఎత్తి, ఏ రంగు వదినా అని అడిగాను. తిప్పి తిప్పి చూసింది. తెలుపు అంది. సరిగా చూడమన్నాను. నీళ్ల రంగే తల్లీ, లేని రంగు నన్ను చూడమంటే ఎలా అంది.

జూలై 9, మంగళవారం

ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. బాగుంది.

జూలై 11, గురువారం, మధ్యాహ్నం

ఒక్క రేకు తీసుకెళ్లాను. మైక్రోస్కోప్ కింద తడిగా పెట్టి అవున్సార్‌ని పిలిచాను. వస్తున్నా మేడమ్ అన్నాడు. టీ అయ్యాక వస్తాడన్నమాట.

ల్యాంపు వేడి సంగతి నాకు తట్టలేదు. కళ్ల ముందే జరిగింది. ముందు అంచులు మసకబారాయి. తర్వాత గులాబీ మధ్యకి ముడుచుకుంటూ పోయింది, చలికి కాళ్లు ముడుచుకున్నట్టు. పొరలు సన్నగా లేచాయి. చివరికి నడిమధ్యన ఆవగింజంత గులాబీ మిగిలింది. నేను ల్యాంపు ఆపొచ్చు. ఆపలేదు. కళ్లు తిప్పుకోలేకపోయాను. ఇంత అందంగా ఏదైనా చచ్చిపోవడం నేను చూడలేదు.

ఆయన కప్పు పట్టుకుని వచ్చి ఒక కన్ను మూసి చూశాడు. బ్రౌన్ అన్నాడు. ఇప్పటిదాకా గులాబీగా ఉందన్నాను. ఇప్పటిదాకా నేను కూడా సన్నగానే ఉండేవాణ్ణి మేడమ్ అని పొట్ట నిమురుకున్నాడు.

జూలై 15, సోమవారం

ఫోన్‌తో ఫొటో తీశాను. సీసాలో, పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి. నూటపది చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. ఈ ఫోన్లో నా మొహం కూడా గులాబీగానే వస్తుంది, మా ఆవిడ మురిసిపోతుంది అన్నాడు.

తడి రేకునే ఎక్స్‌రేకి పెట్టనివ్వండి సార్, పది నిమిషాల పని, వేడి లేదు, పొడి చెయ్యక్కర్లేదు అన్నాను. మిషన్లో చుక్క నీరు పడితే నిన్నమ్మినా, నన్నమ్మినా కొత్తది రాదన్నాడు. నిజమే, ఆయన్ని ఎవరు కొంటారు?

జూలై 19, శుక్రవారం

సెలవు పెట్టి సొంత ఖర్చుతో క్వారీకి వెళ్లాను. గుట్ట లేదు. గుట్ట ఉన్నచోట చదునైన నేల, దాని మీద లారీ టైర్ల అచ్చులు. మొత్తం క్రషర్‌కి పోయిందట. సూపర్‌వైజర్ కంకర కుప్ప చూపించి, మీ రాయి ఇందులోనే ఉంటుంది, ఏరుకోండి అన్నాడు. వెటకారం కాదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

పట్టీ లోపల ఇంకా ఉందా అంటే, అటువైపు అయిపోయింది, ఇప్పుడంతా మంచి గ్రానైటే అన్నాడు సంతోషంగా.

అంటే లోకంలో ఎంత ఉన్నా, నాకు మిగిలింది ఒక జామ్ సీసా.

జూలై 22, సోమవారం

దారి దొరికింది. ఇది నాకు నచ్చలేదు.

రంగు చెబితే నమ్మరు. బరువు చెబితే నమ్మాలి, తూకానికి అభిప్రాయాలుండవు. ఏడు నీళ్లలో మూడు పోతే, లెక్క కట్టి చూశాను, నూటికి పదకొండు వంతుల బరువు తగ్గాలి. అక్కడ ఆగిపోవాలి. ఒట్టి తడే అయితే అంత తగ్గదు, తగ్గినా సరిగ్గా లెక్క చెప్పిన అంకె దగ్గరే ఆగదు. (ఈ నూటపది నాకు మూడు చెరువుల నీళ్లు తాగిస్తున్నాడు, రాయి చేత మూడు నీళ్లు కక్కిస్తున్నాడు. సరిపోయింది.)

కానీ తూకం నమ్మేలా ఉండాలంటే ఒకటీ అరా రేకు చాలదు. వంద మిల్లీగ్రాములైనా ఉండాలి. సీసాలో ఉన్నదంతా కలిపితే అంతే ఉంటుంది.

అంటే, ఇది గులాబీ అని రుజువు చెయ్యాలంటే మొత్తం బ్రౌన్ చెయ్యాలి.

జూలై 24, బుధవారం

అసలు గులాబీయేనా?

ఉదయం నుంచి ఫ్రిజ్ తలుపు తీస్తూ వేస్తూ ఉన్నాను. కిటికీ దగ్గర గులాబీ. ట్యూబ్‌లైట్ కింద ఏమో. అరచెయ్యి వెనక పెడితే చెయ్యి రంగే అనిపిస్తుంది. ఒక మనిషి కాదంటే పట్టించుకోను. ముగ్గురు కాదన్నాక నా కళ్లే నాకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. వదిన, కరెంటు బిల్లు మీ వాళ్లు కడతారా అంది. మీ వాళ్లంటే రాళ్లు.

ఎల్లుండి ఆ అంకె పదకొండు దగ్గర ఆగకపోతే నూటపది రాసిందే నిజం. అప్పుడు జెరాక్స్ షాపులో కూర్చోవడమే నాకు తగిన పని, నల్లది నల్లగా, తెల్లది తెల్లగా.

జూలై 26, శుక్రవారం

అంతా రాయాలి.

కమిటీ ముగ్గురు. అందులో ఇద్దరు ఫోన్లు చూసుకునే రకం. మూడో ఆవిడ పెద్దావిడ, బయటి ల్యాబ్ నుంచి వచ్చింది. మెడలో గొలుసుకి భూతద్దం వేలాడుతోంది, ఇంకే నగా లేదు. నూటపది నా ఫైలు మూసేస్తూ, అమ్మాయి కష్టపడుతుంది గానీ ఊహ ఎక్కువండీ అన్నాడు. ఊహ. ఆ మాటతో నా భయం పోయింది. ఒట్టి కోపమే మిగిలింది, అది చాలా సౌకర్యంగా ఉంటుంది.

తూకం చూడ్డానికి రమ్మన్నాను. నూటపది టైం లేదన్నాడు. పెద్దావిడ అప్పటికే లేచింది.

సీసా బల్ల మీద పెట్టాను. ఆవిడ భూతద్దం పెట్టి వంగి చూసింది. చాలాసేపు చూసింది. గులాబీ అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే.

నూటపది ఊరుకోలేదు. తడి రాయి ఆరితే బరువు తగ్గదా, ఇందులో విడ్డూరమేముంది, ఉతికిన తువ్వాలు కూడా తగ్గుతుంది అన్నాడు. దానికి సిద్ధపడే వచ్చాను. అదే గుట్టలోంచి తెచ్చిన అభ్రకం రేకులు కూడా అదే నీళ్లలో నానబెట్టి ఉంచాను. రెండు తక్కెళ్లు. రెండిటినీ అద్దుడు కాగితంతో ఒకేలా అద్ది, ఒకేసారి పెట్టాను. పెద్దావిడ నన్నాపి, ఎక్కడ ఆగుతుందో ముందే చెబుతావా అని అడిగింది. నూటికి పదకొండు దగ్గర అన్నాను. రాసిమ్మంది. రాసి ఆవిడ చేతిలో పెట్టాను.

తక్కెళ్ల గాజు తలుపులు తీసి, పక్కన ల్యాంపు వెలిగించాను.

అభ్రకం అంకె చప్పున కాస్త జారి ఆగిపోయింది. తువ్వాలు ఆరిపోయింది సార్ అనాలనిపించింది. అనలేదు. రెండో అంకె దిగుతూనే ఉంది. చివరి అంకె, దాని ముందుది, మళ్లీ చివరిది. ఫోన్ల వాళ్లు ఫోన్లు జేబులో పెట్టారు. అవున్సార్ నోరు కాస్త తెరుచుకుంది. నూటపది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, చేతులు కట్టుకుని, ఎవరో తన చేత వంట చేయిస్తున్నట్టు మొహం పెట్టి.

నేను మాత్రం అంకె చూడలేదు. పళ్లెం చూశాను. అంచుల నుంచి మొదలైంది. ఈసారి ఒక్క రేకు కాదు, అన్నీ. ఆపడానికి చెయ్యి దానంతటదే ల్యాంపు వైపు కదిలింది. పెద్దావిడ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని చంక కింద పెట్టుకున్నాను.

వాళ్లు భోజనాలకి లేవాల్సిన వేళకి అంకె నిలబడింది. కదల్లేదు. ల్యాంపు దగ్గరికి జరిపినా కదల్లేదు. అవున్సార్ లెక్క కట్టాడు, అలవాటు కొద్దీ సార్‌కేసి చూసి, చెప్పకతప్పక చెప్పాడు. పది పాయింట్ తొమ్మిది.

పెద్దావిడ నేను రాసిచ్చిన కాగితం విప్పి బల్ల మీద పెట్టింది.

నూటపది లేచి పళ్లెంలోకి చూశాడు. ఆఖరికి బ్రౌనే కదండీ అన్నాడు. అంతే. ఎవరూ అవున్సార్ అనలేదు.

కాంట్రాక్టు పొడిగించారు. ఆ ముక్క ఫైల్లోంచి తీసేయమని పెద్దావిడే చెప్పింది. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, ఇంకా ఉందా అని అడిగింది. లేదండీ అన్నాను. ఆవిడ మొహంలో ఒక్క క్షణం కనిపించింది నా మీద జాలి కాదు. కోపం. ఇది కూడా నమ్మించడానికి చంపాల్సి వచ్చిందా అన్నట్టు. ఆ కోపం నా మీదో, వాళ్ల మీదో అడగలేదు. నాదైతే ఇద్దరి మీదా ఉంది.

జూలై 27, శనివారం

వదినకి చెప్పాను. ఉద్యోగం ఉందని. కౌంటర్‌కి ఇంకెవరినైనా చూసుకోమని.

కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా, గులాబీయే అంది. ఏంటన్నాను. ఆ సీసాలోది, మొదటిరోజే కనిపించింది, గులాబీయే అంది. మరి తెలుపన్నావేం వదినా అన్నాను. నువ్వడిగిన తీరుకి ఒళ్లు మండి అన్నానంది. పరీక్ష పెట్టే టీచర్‌లా కళ్లలోకి సీసా పెడితే నేనేమనాలి, పైగా మొయ్యాల్సిన బకెట్లు అలాగే ఉన్నాయి అంది.

రెండు రాత్రులు నా కళ్లని నేను నమ్మలేదు. ఈవిడ ఒళ్లు మండి.

బకెట్లు మోశాను. ఒక్కొక్కటీ దించినప్పుడల్లా చప్పుడొచ్చేలా దించాను.

జూలై 29, సోమవారం

సాయంత్రం అందరూ వెళ్లాక గొడుగు మర్చిపోయి ల్యాబ్‌కి తిరిగొచ్చాను. ఫాస్ఫేట్ల బీరువా దగ్గర నూటపది. సొరుగులు పది దాకా బయటికి లాగి ఉన్నాయి. ఆయన సేకరించినవే, కుర్రతనం నుంచి. అన్నీ ఓవెన్లోంచి వచ్చినవే. ఒక్కో పెట్టె తీసి లేబుల్ చదువుతున్నాడు. రంగు: బ్రౌన్. రంగు: బ్రౌన్. రంగు: మాసిన పసుపు. పైకే చదువుతున్నాడు, ఎవరికో అప్పజెబుతున్నట్టు.

నన్ను చూసి ఒక పెట్టె చాచాడు. లోపల పొట్టు. ఇది ఏ రంగులో ఉండేదంటావమ్మా అన్నాడు. అమ్మాయ్ అనలేదు. అమ్మా అన్నాడు.

నాకు తెలుసు. ఖాయంగా కాదు గానీ, ఆ పొరలు లేచిన తీరు చూస్తే చెప్పగలను. చెబితే ఆయన ఆ రాత్రి నిద్రపోయేవాడో, అసలే నిద్రపోకపోయేవాడో.

లేబుల్ మీద బ్రౌన్ అనే ఉంది కదా సార్ అన్నాను.

ఆయన తలూపి పెట్టె లోపల పెట్టాడు. తర్వాతది తీశాడు.

బస్‌స్టాప్ దాకా చాలా హాయిగా ఉంది. బస్సెక్కాక లేదు.

ఆగస్టు 6, మంగళవారం

పళ్లెంలో మిగిలిన పొట్టుని సొరుగులో పెట్టమన్నారు. లేబుల్ నన్నే రాయమన్నారు. రంగు: లేత గులాబీ.

మధ్యాహ్నం కాలేజీ పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి లేబుల్ చదివి, రాయి చూసి, మళ్లీ లేబుల్ చదివింది. ఎవరే ఇది రాసింది, కళ్లు కనపడవా అని పక్కమ్మాయి చెవిలో అంది. ఇద్దరూ నవ్వారు.

నేను వాళ్ల వెనకే ఉన్నాను. ఆ అమ్మాయి చూసింది చూసినట్టే చెప్పింది.